పెట్టె లేదు, పీలిక ఉంది

పోయిన వారం మనం చిన్న కోడల్ని రన్‌వే పక్కన మోకాలెత్తు గడ్డిలో వదిలేసి వచ్చాం. అక్కడిదాకా జరిగింది ఇదీ. అత్తగారి చిన్న విమానాల కంపెనీలో ఆమె పైలట్. ఇంటిల్లిపాదీ ‘పిచ్చుక’ అని పిలుచుకునే ఆరు సీట్ల విమానాన్ని తిరుగు ప్రయాణంలో సొంతూరి రన్‌వే మీద దింపుతుండగా, చక్రాలు నేలకు తగిలిన మరుక్షణం దాని ఎడమ చక్రం కాలు మడిచేసుకుంది. పిచ్చుక రెక్క మీదకి ఒరిగి, నిప్పురవ్వలు చిమ్ముకుంటూ రన్‌వే దాటి గడ్డిలోకి ఈడ్చుకుపోయింది. వెనక కూర్చున్న ప్రయాణికులు గీతలతో, వాపులతో బయటపడ్డారు. ముందు పక్క సీట్లో కూర్చున్న ఆమె భర్తకు మాత్రం కాలి ఎముక విరిగింది.

తెల్లారేసరికి “తప్పు పైలట్‌దే” అనే మాట ఊరంతా పాకింది. మొదట అన్నది పరాయివాళ్లు కాదు. ఆ విమానాల మరమ్మతు చూసే పెద్ద కోడలు. తోటికోడలి మాటకు ఎదురు చెప్పడానికి చిన్న కోడలి దగ్గర ఏ ఆధారమూ లేదు, ఆ గడ్డిలో వెతగ్గా వెతగ్గా వేళ్లకు తగిలిన ఒక్క బోల్టు తప్ప.

ఆ బోల్టు ఇప్పుడు ఆమె జేబులో ఉంది.

విమానాల షెడ్డు ముందు కారు ఆపి ఆమె కాసేపు దిగకుండా కూర్చుంది. వెనక సీటు మీద ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ సంచీ పడి ఉంది. ఆపరేషన్‌కి తీసుకెళ్లేముందు ఒంటి మీదివన్నీ తీసి అందులో వేశామని నర్సు చెప్పింది. సంచీలో ఏదో ఎర్రగా కనబడింది. రక్తం అనుకుంది. మళ్లీ అటు చూడలేదు.

కారు తలుపు మూసేసరికి ఎదురుగా అత్తగారు నిలబడి ఉంది. కంపెనీ ఆవిడది. షెడ్డు ఆవిడది. ఇద్దరు కోడళ్లలో ఎవరు ఎప్పుడు మాట్లాడాలో, ఎంతవరకు మాట్లాడాలో నిర్ణయించే హక్కు కూడా తనదే అని ఆవిడ నమ్మకం.

“ఎలా ఉన్నాడు?”

“మత్తులో ఉన్నారత్తయ్యా. కాలికి రాడ్ వేశారు. సాయంత్రానికి మాట్లాడతారట.”

“వాడి బట్టలు నీకిచ్చారటగా. ఎక్కడ పెట్టావు?”

“కార్లో ఉన్నాయి.”

“తాళాలు ఇటివ్వు. ఉతికిస్తాను.”

“ఇప్పుడు బట్టల గొడవేంటత్తయ్యా? తర్వాత చూద్దాం.” తాళాలు జేబులోకి తోసి ఆమె ముందుకు నడవబోయింది.

అత్తగారు దారి ఇవ్వలేదు. “ఎంక్వైరీ ఆఫీసరు వచ్చే వేళయింది. ఏం చెప్పాలో గుర్తుందిగా?”

“జరిగింది చెప్తాను.”

“జరిగింది నేను చెప్తాను, విను. దిగిన కంగారులో చెయ్యి పొరపాటున చక్రాలు మడిచే పిడి మీద పడింది. పైకి లాగావు. అంతే. ఆ ఒక్క మాట చాలు.”

“ఆ ఒక్క మాటతో నా లైసెన్సు పోతుంది.”

“పోతే ఏం? ఒక పైలట్ పోతే ఇంకో పైలట్ దొరుకుతాడు. మరమ్మతు తప్పని తేలితే షెడ్డుకి తాళం పడుతుంది. బాగున్న విమానం కూడా ఎగరదు. ఇందరి పొట్టలు కొట్టి నువ్వు గాల్లో తిరగాలా? కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని మొగుడికి సేవ చేసుకో. ఎవరు వద్దన్నారు?”

ఎగరడం మానేయమనడం ఆవిడకి చెప్పులు మార్చుకోమన్నంత తేలిక. చిన్న కోడలికి ఒళ్లు మండిపోయింది. పక్కనుంచి తప్పుకుని షెడ్డులోకి వెళ్లింది.

లోపల పిచ్చుక జాకీల మీద ఒంటి రెక్క వాల్చుకుని నిలబడి ఉంది. ఎవరూ ముట్టుకోకూడదని ఆఫీసరు చుట్టూ పసుపు టేపు కట్టించి వెళ్లాడు. టేపుకి ఇవతల బల్ల ముందు పెద్ద కోడలు కూర్చుని పనిముట్లు తుడుచుకుంటోంది. ఆమె ఇనప పెట్టె పక్కనే తెరిచి ఉంది. ఏ పనిముట్టుకి దాని ఆకారంలోనే స్పాంజి దిండులో గుంట. ఒక్క గుంట ఖాళీగా ఉన్నా ఆమె పెట్టె మూత వేయదు. ఆ పెట్టెను ఇంకొకళ్లు తాకితే ఊరుకునే మనిషి కాదు.

“వచ్చావా? రా. పిచ్చుక జోలికి మాత్రం పోకు. నువ్వు ముట్టుకుంటే ఇంకేం ఊడిపోతుందో.”

“అక్కా, నీతో మాట్లాడాలి.”

“నన్నేం అక్కా అనక్కర్లేదు. విమానాన్ని నేలకేసి రాసినప్పుడు ఈ అక్క గుర్తురాలేదుగా.”

“పిడి నేను లాగలేదు.”

“లాగావు. పక్కపక్కనే రెండు పిడులు. ఒకటి రెక్కల వెనక పలకలకి, రెండోది చక్రాలకి. దిగగానే పలకలు ఎత్తుదామని చెయ్యి చాపావు, పక్కదాని మీద పడింది. కొత్తవాళ్లు చేసే పనే.”

“నేను కొత్తదాన్నా?”

“ఇంటికి కొత్తేగా. అత్తయ్య దగ్గర నెట్టుకొచ్చినట్టు ఇక్కడ చక్రాల దగ్గర నెట్టుకురాలేకపోయావు.”

“ఆ వెటకారం ఆఫీసరు ముందు చూపించు. ఇప్పుడు నేనడిగేదానికి జవాబు చెప్పు. దిగేముందు మూడు పచ్చలైట్లూ వెలిగాయి. అంటే మూడు కాళ్లూ దిగి బిగుసుకున్నాయి. నేను పిడి లాగి ఉంటే మూడూ మడిచేసుకోవాలి. ముక్కు కాలు నిటారుగా ఉంది. కుడి కాలు నిటారుగా ఉంది. ఎడమదొక్కటే ఎందుకు కూలబడింది?”

“దాన్నే అడుగు. అదిగో, అక్కడే ఉంది.”

“అడిగాను. జవాబిచ్చింది.”

చిన్న కోడలు జేబులోంచి గుడ్డలో చుట్టిన బోల్టు తీసి బల్ల మీద పెట్టింది. ఇనుము చెక్కకి తగిలి టక్కుమంది. పెద్ద కోడలి చేతిలో తుడుపు గుడ్డ అలాగే ఆగిపోయింది.

“ఎక్కడిదిది?”

“రన్‌వే పక్క గడ్డిలోది.”

“ఎంక్వైరీ అయ్యేదాకా పుల్ల కూడా తియ్యొద్దన్నారు. జేబులో వేసుకుని తిరుగుతున్నావా? భలే దానివి. ఇందుకే నీ మీద కేసు పెట్టొచ్చు, తెలుసా?”

“ఫోటో తీసి ఆఫీసరుకి పంపాను. ఫోన్ కూడా చేశాను. వాన వచ్చేలా ఉంది, గుడ్డలో చుట్టి తెచ్చెయ్యమని ఆయనే చెప్పాడు. దొరికిందని ఆయనకి తెలుసు. దీని కథేంటో నువ్వు చెప్తావని నేను ఆగాను.”

పెద్ద కోడలు బోల్టు వంక చూసింది కానీ చెయ్యి చాపలేదు. అదేమిటో ఆమెకు చెప్పాల్సిన పని లేదు. పిచ్చుక ఎగిరేటప్పుడు చక్రాల కాళ్లు మడిచి పొట్టలో దాచుకుంటుంది, దిగేటప్పుడు చాపుతుంది. చాపిన కాలు వెనక్కి మడవకుండా పక్కనుంచి ఓ అడ్డకమ్మీ పట్టి ఉంచుతుంది. ఆ కమ్మీనీ కాలునీ కలిపే బోల్టే ఇది. దీని చివర ఉండే నట్‌ను ఒళ్లంతా బలం పెట్టి బిగించకూడదు. బిగిస్తే కీలు తిరగదు, కాలు మడవదు. వేళ్లతో తిప్పినంతే ఉంచి, బోల్టు చివరి కన్నంలోంచి ఓ సన్నటి పిన్ను దూర్చి, దాని కొసలు రెండు పక్కలకీ వంచెయ్యాలి. నట్ ఊడిపోకుండా కాపు కాసేది ఆ పిన్ను ఒక్కటే. అది లేకపోతే కాలు మడిచి చాపినప్పుడల్లా నట్ కాస్త కాస్త జరుగుతుంది. ఓ రెండు ప్రయాణాలు చాలు.

“పిన్ను విరిగిపోయి ఉంటుంది,” అంది పెద్ద కోడలు. గొంతులో ఇందాకటి వాడి లేదు. “దెబ్బకి విరిగింది. అంత రాపిడి జరిగితే విరగదా?”

“నేనూ అలాగే అనుకున్నా. విరిగితే కన్నంలో ముక్క అయినా ఉండాలి, గీత అయినా పడాలి. లైటు కింద పెట్టి చూడు.”

“చూడక్కర్లేదు.”

“చూడమంటున్నానా!”

టేబుల్ లైటు మెడ పట్టుకుని చిన్న కోడలే కిందికి వంచింది. బోల్టు చివర కన్నం నిండా గ్రీజు ఉంది. కొత్త గ్రీజు, తేనె రంగులో, వేలితో అదిమి పెట్టినట్టు నిండుగా ఉంది. నేల మీద అంత దూరం దొర్లినా అది చెక్కు చెదరలేదు.

“పిన్ను ఒక్కసారి దూరినా ఈ గ్రీజు అవతలికి తోసుకొచ్చేసేది. దూరలేదు. ఈ కన్నం పిన్ను మొహం చూడలేదు. గ్రీజు నువ్వు పెట్టావు, బోల్టు నువ్వు ఎక్కించావు, నట్ నువ్వు తిప్పావు. పిన్ను మర్చిపోయావు. తప్పేమో నా నెత్తిన రుద్దావు. నా మొగుడు అక్కడ కాలికి ఇనుము వేయించుకుని పడుంటే, నువ్వు ఇక్కడ కూర్చుని స్పానర్లు తుడుచుకుంటున్నావు.”

“మర్చిపోలేదు!”

ఆ అరుపుకి రేకుల కప్పు గంటలా మోగింది. పెద్ద కోడలు లేచి నిలబడింది. తుడుపు గుడ్డ బల్ల మీదకి విసిరికొట్టింది.

“పిన్ను పెట్టలేదు. ఒప్పుకుంటున్నా. చాలా? కడుపు నిండిందా? పెట్టలేదు, ఎందుకంటే ముందురోజు సాయంత్రం ఆ సైజు పిన్నులు అయిపోయాయి. గోదాములోంచి తెద్దామని లేచేసరికి అత్తయ్య వచ్చింది. కొంగ అవతలి ఊళ్లో ఆగిపోయింది, ప్రయాణికులు గోల చేస్తున్నారు, ఉన్నపళాన పొమ్మంది.” కొంగ అంటే వాళ్ల రెండో విమానం. “పొమ్మంటే పోయాను. కానీ పీలిక కట్టే పోయాను! పని సగంలో ఉందని పీలిక కట్టాను. అది తీసేసి విమానం ఎక్కింది నువ్వు!”

పీలిక అంటే ఆ షెడ్డులో పసిపిల్లలకు కూడా తెలుసు. ఒకప్పుడు అత్తగారు వేసుకు తిరిగిన ఎర్ర రెయిన్‌కోటు చిరిగిపోతే, పెద్ద కోడలు దాన్ని పొడుగు ముక్కలుగా కత్తిరించి దాచుకుంది. పని పూర్తికాని విమానం ప్రొపెల్లర్‌కి ఓ ముక్క కట్టేది. ‘అత్తయ్యని ముక్కలు కోసి విమానాలకి వేలాడదీసింది’ అని పనివాళ్లు చాటుగా నవ్వుకునేవాళ్లు. నవ్వినా, దాని జోలికి ఎవరూ పోరు. ఎవరు కట్టారో వాళ్లే విప్పాలి. పీలిక ఉండగా విమానం గుమ్మం దాటకూడదు. ఆ షెడ్డులో అంతకు మించిన కట్టడి లేదు.

“ఆ పొద్దున ప్రొపెల్లర్‌కి పీలిక లేదు,” అంది చిన్న కోడలు.

“ఉంది.”

“లేదంటున్నానుగా! చుట్టూ తిరిగి చూసుకునే ఎక్కాను.”

“ఏం చూశావు? నీ మొహం అద్దంలో చూసుకున్నావా?”

“కళ్లు పెట్టుకునే చూశాను. ఆ కీలు చీకటి గూట్లో పైనెక్కడో ఉంటుంది, నిలబడి చూస్తే కనబడదని నీకూ తెలుసు. కనబడాల్సింది పీలిక. అది లేదు. నీ పెట్టె కూడా విమానం కింద లేదు. పెట్టె తీసేశానంటే పని అయిపోయినట్టేనని ఇన్నాళ్లుగా చెప్తున్నది ఎవరు? నువ్వే కదా!”

పెద్ద కోడలు ఒక్క క్షణం తడబడింది. నిజమే. పని అయ్యేదాకా ఆ పెట్టె విమానం పొట్ట కింద నోరు తెరుచుకుని ఉంటుంది. అయ్యాకే మూత పడుతుంది, అరలోకి పోతుంది. షెడ్డులో అందరూ పెట్టెను బట్టే పని అయిందో లేదో పోల్చుకుంటారు.

“కొంగ దగ్గరికి ఉత్త చేతులతో పోనా? పెట్టె తీసుకుపోయాను,” అంది. “పెట్టె లేదు, పీలిక ఉంది. ఈ రెంట్లో దేన్ని నమ్మాలి? పీలికని! నేను మర్చిపోయి కట్టి వదిలేశానని అనుకుని తీసేశావు. ఆలస్యం అవుతోందని తీసేశావు. తీసి ఏ తుప్పల్లోనో పారేశావు. మర్నాడు సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి పిచ్చుక గడ్డిలో పడుంది. పిన్ను సంగతి చెప్పబోతే అత్తయ్య నోరు మూయించింది. నువ్వు పీలిక తీశావని అప్పుడే అనుకున్నా. నీ తప్పుకి నా పొరపాటు తోడైతే నేనెందుకు మునగాలి? అందుకే పిడి అన్నా. అన్నందుకు నాకేం సిగ్గు లేదు.”

చిన్న కోడలు ఆ మొహంలోకి పరీక్షగా చూసింది. అబద్ధం ఆడే మనిషి మొహం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, పొద్దుటినుంచీ అలాంటి మొహాలే చూస్తోంది. ఇది అలా లేదు. ఎదురుగా ఉన్న మనిషికి తన మీద ఉన్నది నూటికి నూరుపాళ్లూ నిఖార్సయిన కోపం. అంటే పీలిక కట్టిన మాట నిజం.

“నేను వచ్చేసరికే పిచ్చుకని షెడ్డు బయటికి తోసి పెట్టారు,” అంది నెమ్మదిగా. “ప్రొపెల్లర్‌కి ఏమీ లేదు. ఒట్టేసి చెప్తున్నా.”

“ఎవరు తోశారు? ఆ పొద్దున షెడ్డు తాళం తీసిందెవరు?”

“మీ మరిదే. ప్రయాణికుల్ని తెచ్చి నిలబెట్టి…”

మాట సగంలో ఆగిపోయింది.

ఆ పొద్దున భర్త తన వైపు పరుగెత్తుకు రావడం కళ్లకు కట్టింది. ‘అంతా రెడీ, ఎక్కు ఎక్కు, వాళ్లకి అవతల పెళ్లివారిలా ఎదురుచూసే జనం ఉన్నారు’ అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. వదినగారు ఆయనకి తుఫాను అని పేరు పెట్టింది. టిక్కెట్లు, సామాన్లు, ప్రయాణికులు అన్నీ ఆయన చూస్తాడు. ఏదీ నిలబడి చేయడు. బూటు తాడు ముడిపడితే విప్పుకునే ఓపిక లేక, తాళాలగుత్తికి వేలాడే చిన్న చాకుతో కోసేసే రకం. ఆ రోజు ఖాళీ సీటు ఉందని తనే పక్కన ఎక్కి కూర్చున్నాడు. తప్పు జరిగిందని తెలిస్తే ఎక్కేవాడా? పెట్టె లేదు. పని అయిపోయిందనుకున్నాడు. వదిన మర్చిపోయిందనుకున్నాడు.

వెనక సీట్లోని సంచీ. అందులో ఎర్రటిది.

‘తాళాలు ఇటివ్వు. ఉతికిస్తాను.’

ఇంట్లో ఏ బట్ట ఎవరు ఉతుకుతున్నారో ఎన్నడూ పట్టించుకోని అత్తగారు బట్టలు ఉతికిస్తానంది. అంబులెన్సులో కొడుకు పక్కన కూర్చుని ఆసుపత్రిదాకా వెళ్లింది ఆవిడే.

చిన్న కోడలు వెనక్కి తిరిగి ఒక్క ఉరుకున షెడ్డు దాటింది.

అత్తగారు కారు పక్కనే ఉంది. వెనక తలుపు పిడి పట్టుకుని గుంజుతోంది. అడుగుల చప్పుడికి చెయ్యి తీసేసి, పైట సర్దుకున్నట్టు నటించింది.

“ఏం కావాలత్తయ్యా?”

“ఏం లేదు. ఎండకి కారు ఎలా కాలిందో చూస్తున్నా.”

“తప్పుకోండి.”

“నాతోనేనా ఆ మాట?”

“తప్పుకోండి.”

తలుపు తీసి, సంచీ లాగి, ముడి విప్పే ఓపిక లేక ప్లాస్టిక్‌ను గోళ్లతో చీల్చేసింది. చొక్కా మీద రక్తం ఎప్పుడో ఎండి నల్లబడింది. ఎర్రగా కనబడింది అది కాదు. ప్యాంటు జేబులోంచి సగం బయటికి వచ్చి ఉంది రెయిన్‌కోటు గుడ్డ పీలిక. లాగి చూసింది. రెండు ముళ్లు ఒకదాని మీద ఒకటి, పెద్ద కోడలు ఎలా వేస్తుందో అలా, గట్టిగా, అలాగే ఉన్నాయి. ముడికి అవతల గుడ్డ నున్నగా తెగిపోయి ఉంది.

ఆయన విప్పలేదు. కోశాడు.

“వాడికి తెలియదు,” అంది అత్తగారు. ఆవిడ గొంతు వణకడం ఆ ఇంటికి వచ్చాక చిన్న కోడలు వినడం అదే మొదలు. “పెట్టె లేదు కదా అనుకున్నాడట. అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.”

“మీకు అప్పటినుంచీ తెలుసు. తెలిసి నన్ను అబద్ధం చెప్పమన్నారు.”

“నా కొడుకు కోసం నేను ఎవరినైనా ఏమైనా అడుగుతాను. నువ్వు వాడి పెళ్లానివి. నేను అడగకుండానే చెయ్యాల్సిందానివి.” వణుకు అప్పుడే మాయమైంది. “వదులుకోవాల్సింది ఒక లైసెన్సు. అంతేగా? ఆ గుడ్డ ముక్క బయటపెడితే వాడు కాలు అతుక్కోకముందే జైలుకి పోతాడు. నడవలేనివాణ్ని నువ్వే జైలుకి తోసినట్టు. అప్పుడు వాడి మొహం చూడగలవా? ఇటివ్వు.”

“ఇవ్వను.”

“ఇవ్వకపోతే?”

“ఏమో, నాకే తెలియదు. మీకు మాత్రం ఇవ్వను.”

ఆవిడ చెయ్యి చాపింది. చిన్న కోడలు పీలికను గుప్పిట్లో నలిపి జేబులోకి తోసింది. ఆ పెనుగులాట ఎంతదాకా పోయేదో కానీ, అప్పుడే గేటు దగ్గర జీపు హారన్ మోగింది. ఎంక్వైరీ ఆఫీసరు దిగాడు. సన్నగా, పొడుగ్గా, ఎండకి కళ్లు చికిలించుకుంటూ వచ్చి ముగ్గురికీ కలిపి ఓ నమస్కారం పెట్టాడు. మూడో మనిషి ఎప్పుడు వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడిందో చిన్న కోడలు గమనించలేదు. పెద్ద కోడలు పీలికను చూసిందో లేదో ఆ మొహం చూసి చెప్పడం కష్టం.

“బోల్టు ఏదమ్మా?” అన్నాడు ఆఫీసరు.

“లోపల బల్ల మీద ఉందండి.”

ఆయన లోపలికి వెళ్లి లైటు కింద వంగాడు. కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. కన్నంలో గ్రీజు చూసి తల ఊపాడు. ఇక పిడి కథ ఎవరు చెప్పినా ఆయన వినడని ఆ తల ఊపుతోనే తేలిపోయింది. చిన్న కోడలికి ఛాతీ మీదనుంచి బరువు దిగినట్టయింది. ఆ వెంటనే జేబులో పీలిక గుర్తొచ్చి, దిగిన బరువు రెట్టింపై వచ్చి కూర్చుంది.

ఆయన వంగి ఉన్న ఆ కాస్త సేపట్లోనే అత్తగారు పెద్ద కోడలి పక్కకి చేరింది. ఆవిడ తల ఆమె చెవి దగ్గరికి వంగింది. మాట ఒక్కటే, ఊపిరంత సన్నగా. ఏమిటో చిన్న కోడలికి వినిపించలేదు. కనిపించింది దాని ఫలితమే. ఇందాక షెడ్డు కప్పు ఎగిరిపోయేలా అరిచిన మనిషి మొహంలో రక్తం చుక్క లేకుండా పోయింది. చెయ్యి చాపి పనిముట్ల పెట్టె అంచు పట్టుకుంది.

“దీనికి పిన్ను పెట్టలేదు,” అన్నాడు ఆఫీసరు నిటారుగా నిలబడి. “ఈ పని చేసింది ఎవరు?”

“నేనండి,” అంది పెద్ద కోడలు. “పిన్నులు అయిపోయాయి. పని ఆపి, గుర్తుకి పీలిక కట్టాను.”

“మంచిది. ఆ కట్టడి గురించి విన్నాను. మరి పీలిక ఉండగా విమానం ఎలా ఎగిరింది? ఎవరు తీశారు?”

పెద్ద కోడలు చిన్న కోడలి వంక చూసింది. ఇందాకటిదాకా నిప్పులు కురిసిన ఆ కళ్లల్లో ఇప్పుడు ఏ మంటా లేదు. నూతిలోకి తొంగి చూసినట్టుంది.

“నేనే విప్పానండి. పిన్ను పెట్టేశాననుకుని నేనే విప్పేశాను. తప్పంతా నాది.”

అత్తగారు మెడ తిప్పి కిటికీలోంచి రన్‌వే కేసి చూస్తోంది, ఈ గొడవతో తనకేం సంబంధం లేనట్టు.

ఆఫీసరు చిన్న కోడలి వైపు తిరిగాడు. “అంటే మీరు వచ్చేసరికి పీలిక లేదన్నమాట. ఈవిడ చెప్పింది నిజమేనామ్మా?”

అవునంటే చాలు. లైసెన్సు ఉంటుంది. భర్త మీద ఈగ వాలదు. తెల్లారినప్పటినుంచీ ఆ నోట ఏ మాట వినాలని ఆమె పళ్లు నూరుకుందో, అదే మాటను ఆ తోటికోడలు అరచేతిలో పెట్టి ఇచ్చింది. ఆ ఇంట్లో ఆమెకు దక్కిన మొదటి గెలుపు అది. తీసుకోవడానికి తల ఊపితే సరిపోతుంది.

“చెప్పండమ్మా.”

ఆమె చెయ్యి జేబులోకి వెళ్లింది. వేళ్లకు గుడ్డ తగిలింది.

విప్పిన పీలికకి ముళ్లు ఉండవు. దీనికి రెండున్నాయి.